మంచు తీరానికి కాపలా



రెండో ప్రపంచ యుద్ధం అనగానే కొన్ని పేర్లు గుర్తొస్తాయి. స్టాలిన్‌గ్రాడ్, లండన్, బర్మా, హిరోషిమా. ఈ పూట చెప్పుకోబోయే చోటు పేరు ఆ వరసలో ఎప్పుడూ వినపడదు. అక్కడ పట్టుకోవడానికి పట్నం లేదు. తవ్వుకోవడానికి గని లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం గడ్డకట్టి ఉంటుంది. చలికాలంలో దాదాపు మూడు నెలలు సూర్యుడు కనపడడు. అది ఈశాన్య గ్రీన్‌లాండ్ తీరం.

ఆ తీరం కోసం రెండు పక్షాలూ పోట్లాడాయి. మనుషుల ప్రాణాలు పోయాయి. దాన్ని కాపలా కాసింది మాత్రం పట్టుమని పదిహేను మంది. వాళ్ల చేతుల్లో ఉన్నవి వేట తుపాకులు. వాళ్ల వాహనం కుక్కలు లాగే స్లెడ్జి. అంటే మంచు మీద జారే చెక్క బండి.

దాదాపు ఎవరూ ఉండని తీరానికి కాపలా ఎందుకు? ముందు ఈ ప్రశ్న సంగతి చూద్దాం. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టిందని మనం రేడియోలో వింటాం. రెండు మూడు రోజుల్లో అది వాయుగుండమై మచిలీపట్నం వైపో, కళింగపట్నం వైపో రావచ్చని చెబుతారు. ఆ మాట వినగానే వేటకి వెళ్లిన పడవలు ఒడ్డుకి తిరుగుతాయి. కళ్లాల్లో ధాన్యం మీద బరకాలు కప్పుతారు. ఇక్కడ ఇంకా ఎండ కాస్తూనే ఉంటుంది. ఎక్కడో దూరాన గాలిని, గాలి ఒత్తిడిని కొలిచిన కబురు మన దాకా వచ్చింది కాబట్టి జాగ్రత్తపడ్డాం. ఆ కబురు రాకపోతే గాలివాన మీద పడ్డాక గానీ తెలియదు.

యూరప్‌కి అండమాన్ లాంటిది గ్రీన్‌లాండ్. అట్లాంటిక్ ఉత్తర భాగంలో వాతావరణం చాలావరకు పడమర నుంచి తూర్పుకి కదులుతుంది. ఇవాళ గ్రీన్‌లాండ్ మీదుగా సాగిన గాలులు, పీడనాలు కొద్ది రోజుల్లో బ్రిటన్, నార్వే, జర్మనీల ఆకాశాన్ని మార్చేస్తాయి. బాంబర్లు ఎప్పుడు లేవాలి? ఓడల గుంపు ఎప్పుడు బయలుదేరాలి? జలాంతర్గాములు ఎక్కడ కాచుకోవాలి? వీటన్నిటికీ ముందు వాతావరణం తెలియాలి. బ్రిటన్‌కీ, తర్వాత అమెరికాకీ పడమటి దిక్కు నుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి. జర్మనీకి అవి ఆగిపోయాయి. యుద్ధం మొదలవగానే దేశాలన్నీ తమ వాతావరణ వివరాలను రహస్యం చేసేశాయి. ఇక జర్మనీ తన మనుషులను తానే అక్కడికి పంపాలి. గ్రీన్‌లాండ్‌లో ఒక మూల నలుగురు దిగి, గాలిబుడగలు ఎగరేసి గాలిని కొలిచి, ఆ అంకెలను సంకేతభాషలో రేడియో చేస్తే చాలు. అదే వాళ్లకి కావలసింది.

కాబట్టి అక్కడ కాపలా అంటే భూమికి కాపలా కాదు, వాతావరణ కబురుకి కాపలా. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు 1940కి వెళదాం. ఏప్రిల్ 9న జర్మన్ సైన్యం డెన్మార్క్‌లో అడుగుపెట్టింది. కొన్ని గంటల్లోనే ఆ దేశం లొంగిపోయింది. గ్రీన్‌లాండ్ అప్పుడు డెన్మార్క్ పాలనలో ఉండేది. తల్లిదేశం శత్రువు గుప్పిట్లో పడింది. గ్రీన్‌లాండ్‌కి సైన్యం లేదు, నౌకాదళం లేదు. పాలనాధికారి ఈస్కె బ్రూన్‌కి అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. వాషింగ్టన్‌లో డెన్మార్క్ రాయబారి హెన్రిక్ కౌఫ్‌మన్. జర్మన్ల కింద ఉన్న కోపెన్‌హాగన్ ఆదేశాలను ఆయన లెక్కచేయలేదు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1941 ఏప్రిల్ 9న, గ్రీన్‌లాండ్ రక్షణ కోసం అమెరికాతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

అమెరికా ఓడలు, విమానాలు వచ్చాయి. ఆ ఈశాన్య తీరానికి మాత్రం ఓడ చేరేది వేసవిలో కొద్ది వారాలే. అదీ మంచుగడ్డలు దారి ఇస్తేనే. మిగతా కాలమంతా అక్కడ తిరగగలిగింది కుక్కల స్లెడ్జి ఒక్కటే.

ఆ తీరంలో అప్పటికే కొందరు వేటగాళ్లు ఉండేవాళ్లు. డేనులు, అంటే డెన్మార్క్ వాళ్లు, ఇంకా నార్వే వాళ్లు. తెల్ల నక్కల తోళ్ల కోసం చలికాలమంతా అక్కడే గడిపేవాళ్లు. అంతకు పదేళ్ల ముందు ఈ తీరం మాదంటే మాదని డెన్మార్క్, నార్వే తగువులాడుకున్నాయి. ఆ తగువు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1933లో తీర్పు డెన్మార్క్ పక్షాన వచ్చింది. అలాంటిది, ఇప్పుడు రెండు దేశాల వేటగాళ్లూ ఒకే గస్తీలో చేరారు. ధ్రువపు ఎలుగుల వేటలో పేరుమోసిన నార్వే మనిషి హెన్రీ రూడి కూడా వాళ్లలో ఒకడు.

1941 వేసవిలో బ్రూన్ ఈ మనుషులతోనే స్లెడ్జి గస్తీ ఏర్పాటు చేశాడు. నాయకుడు ఇబ్ పౌల్సెన్. ప్రధాన స్థావరం ఎస్కిమోనెస్ అనే చోట కొన్ని చెక్క ఇళ్లు, ఒక రేడియో. గస్తీ తిరగాల్సిన తీరం సుమారు 800 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న తీరం కంటే కాస్తే తక్కువ. దానికి పదిహేను మంది!

పదిహేను మంది అంత తీరాన్ని ఎలా కాస్తారు? శత్రువు దిగకుండా ఆపడం వాళ్ల వల్ల కాదు. ఆ సంగతి బ్రూన్‌కీ తెలుసు, వాళ్లకీ తెలుసు. వాళ్ల పని వేరు. తిరగాలి. చూడాలి. చూసింది వచ్చి చెప్పాలి. స్లెడ్జి మీద రేడియో ఉండదు. రేడియో స్థావరంలోనే ఉంటుంది. అంటే చూసిన మనిషి ప్రాణాలతో తిరిగి వస్తేనే కబురు వచ్చినట్టు.

ఇప్పుడు కుక్కల సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ గస్తీ వాటి కాళ్ల మీదే నడిచింది.

గ్రీన్‌లాండ్ కుక్క బలంగా ఉంటుంది. ఒంటి మీద బొచ్చు రెండు పొరలు. లోపలి పొర మెత్తగా, దట్టంగా ఉండి వేడిని పట్టి ఉంచుతుంది. పైపొర ముతకగా ఉండి గాలిని, తడిని అడ్డుకుంటుంది. సున్నాకి 30 డిగ్రీలు తక్కువైనా ముక్కుని తోకలో దాచుకుని బయటే పడుకుంటుంది. పొద్దున్నే లేచి, మీద పడిన మంచు దులుపుకుని పనికి సిద్ధమవుతుంది.

గ్రీన్‌లాండ్ వాసులు కుక్కలను ఒకదాని వెనక ఒకటి కట్టరు. ఒక్కో కుక్కకి ఒక్కో తాడు. తాళ్లన్నీ వచ్చి బండి ముందు ఒకేచోట ముడిపడతాయి. కుక్కలు విసనకర్రలా విచ్చుకుని పరుగెడతాయి. గడ్డకట్టిన సముద్రం మీద ఈ పద్ధతికి పెద్ద అర్థం ఉంది. బరువంతా ఒకే గీత మీద పడదు. మంచు పలచబడ్డ చోట ఒక కుక్క కాలు జారినా మిగతావి పక్కకి తప్పుకుంటాయి. గడ్డలు గడ్డలుగా లేచిన మంచులో ఏ కుక్క దారి అది చూసుకుంటుంది.

దీనికీ ఒక కష్టం ఉంది. పరుగులో కుక్కలు అటూ ఇటూ మారుతూ ఉంటాయి. తాళ్లు జడలా పెనవేసుకుపోతాయి. బండి ఆపాలి. చేతితొడుగులు తీసేయాలి. గడ్డకట్టిన ఆ ముడులను వట్టి వేళ్లతో విప్పాలి. వేళ్లు మొద్దుబారిపోతాయి. తొడుగుల్లో పెట్టి కాచుకుని మళ్లీ విప్పాలి. ఆ చలిలో, చీకట్లో, రోజూ ఇదే పని. బండిని కూడా మేకులతో బిగించరు, తోలుతాళ్లతో కడతారు. ఎగుడుదిగుడు మంచు మీద అది విరగకుండా ఒంగుతుంది.

ఈ విద్యంతా ఎవరిది? గ్రీన్‌లాండ్ మూలవాసులైన ఇన్యూట్లది. వందల ఏళ్లుగా వాళ్లు నేర్చి, పిల్లలకి నేర్పుతూ వచ్చింది. గస్తీలోనూ ఇన్యూట్లు ఉన్నారు. మికాయెల్ కునాక్, ఎవాల్డ్, అపార్తె. ఈ కథ చెప్పేటప్పుడు డేనుల పేర్లు, జర్మన్ల పేర్లు ముందుకి వస్తాయి. ఈ ముగ్గురి పేర్లూ అంతే గట్టిగా చెప్పుకోవాలి.

తీరం పొడుగునా వేటగాళ్లు కట్టిన చిన్న చిన్న గుడిసెలు ఉండేవి. ఒక గది, ఒక ఇనుప పొయ్యి, పడుకోవడానికి బల్ల. అక్కడొక ఆచారం ఉంది. గుడిసె వదిలి వెళ్లే మనిషి పొయ్యిలో పుల్లలు పేర్చి, అగ్గిపెట్టె అందేచోట పెట్టి వెళ్లాలి. తర్వాత వచ్చేవాడు చేతులు కొంకర్లుపోయి వస్తాడేమో. ఒక్క అగ్గిపుల్లతో మంట రావాలి. వచ్చేది ఎవరో తెలియదు. ఎవరైనా ఒకటే. మనిషికి మనిషి శత్రువు కాగలడన్న ఆలోచనే ఆ తీరానికి కొత్త. ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోండి.

1942 ఆగస్టులో జాక్సెన్ అనే జర్మన్ ఓడ ఎవరి కంటా పడకుండా సబీన్ ద్వీపం చేరింది. హన్సా అఖాతంలో లంగరు వేసింది. దిగినవాళ్లు ఇరవై మందికి లోపే. నాయకుడు లెఫ్టినెంట్ హెర్మన్ రిట్టర్. ఆస్ట్రియా మనిషి, దైవభక్తి ఉన్నవాడు. యుద్ధానికి ముందు స్పిట్స్‌బెర్గెన్ దీవుల్లో వేటగాడిగా బతికినవాడు. అంటే ఉత్తరపు చలి, గుడిసెల మర్యాద అన్నీ ఎరిగినవాడే. శీతాకాలమంతా వాళ్లు వాతావరణ వివరాలు పంపుతూనే ఉన్నారు. ఎవరికీ తెలియలేదు.

1943 మార్చి 11. గస్తీకి చెందిన మారియస్ యెన్సెన్, మికాయెల్ కునాక్, ఎవాల్డ్ ఉత్తరాన సబీన్ ద్వీపం దగ్గరకి వచ్చారు. మంచు మీద అడుగుల గుర్తులు కనిపించాయి. అవి మడమ ఉన్న బూట్ల గుర్తులు. ఆ తీరంలో అందరూ వేసుకునేది కమిక్‌లు, అంటే సీల్ చర్మంతో కుట్టిన మెత్తటి జోళ్లు. వాటికి మడమ ఉండదు. మంచులో మడమ గుర్తు ఉందంటే, వచ్చినవాడు ఈ తీరం మనిషి కాదు. ముందుకు వెళితే గుడిసె పొగగొట్టంలోంచి పొగ. వీళ్లని చూసి ఇద్దరు మనుషులు కొండ వైపు పరుగెత్తారు. గుడిసెలో నిద్రసంచులున్నాయి. స్వస్తిక గుర్తున్న సైనిక దుస్తులున్నాయి.

ముగ్గురూ వెనక్కి తిరిగి మరో గుడిసెలో ఆగారు. రాత్రి కుక్కలు అరిచాయి. జర్మన్లు వచ్చేస్తున్నారు. కుక్కలను బండికి కట్టే వ్యవధి లేదు. బండ్లను, కుక్కలను అక్కడే వదిలేసి చీకట్లో పడి పారిపోయారు. ఆ ప్రాంతంలో కుక్కలు లేకుండా మిగలడం అంటే సముద్రం నడిమధ్య పడవ పోగొట్టుకోవడమే. అయినా మంచులో నడుచుకుంటూ ఎస్కిమోనెస్ చేరారు. చూసింది చెప్పారు. రేడియో చూసే కుర్ట్ ఓల్సెన్ ఆ కబురుని బ్రూన్‌కి అందించాడు. జర్మన్ల రహస్యం ఆ రోజుతో పోయింది. ఒక్క గుండూ పేలకుండా గస్తీ తన పని చేసింది.

పౌల్సెన్‌కి ఇంకో బెంగ ఉంది. ఒంటి మీద సైనిక దుస్తులు లేకుండా తుపాకీ పట్టినవాడు దొరికితే అతన్ని యుద్ధఖైదీగా చూడరు. కాల్చేయవచ్చు. అందుకే బ్రూన్ ఈ కొద్దిమందినీ గ్రీన్‌లాండ్ సైన్యంగా ప్రకటించాడు. పౌల్సెన్ కెప్టెన్ అయ్యాడు. ఆ యుద్ధంలో అంతకంటే చిన్న సైన్యం ఇంకొకటి ఉండి ఉండదు.

మార్చి 23 రాత్రి రిట్టర్ మనుషులు ఎస్కిమోనెస్ మీద పడ్డారు. వాళ్ల దగ్గర మెషిన్ గన్‌లున్నాయి. గస్తీ వాళ్లకి చెదిరిపోవడం తప్ప దారి లేకపోయింది. పౌల్సెన్ సరైన చలిదుస్తులు కూడా లేకుండా బయటపడ్డాడు. గుడిసె నుంచి గుడిసెకి నడుస్తూ, దక్షిణాన ఎంతో దూరంలో ఉన్న ఎల్లా ద్వీపం చేరాడు. దారిలో అతన్ని బతికించినవి ఆ గుడిసెలే. జర్మన్లు స్థావరాన్ని తగలబెట్టారు. రేడియో పోయింది. వీళ్ల కుక్కలు ఇప్పుడు వాళ్ల బండ్లు లాగుతున్నాయి.

మూడు రోజుల తర్వాత శాండొడెన్ అనే చోట ఎలి క్నుడ్సెన్ తన కుక్కలతో వస్తున్నాడు. ఎస్కిమోనెస్‌లో జరిగింది అతనికి తెలియదు. అక్కడి గుడిసె దగ్గర జర్మన్లు పొంచి ఉన్నారు. ఆగమని కేక వేశారు. బండి ఆగలేదు. మెషిన్ గన్ పేలింది. క్నుడ్సెన్ చనిపోయాడు. తర్వాత అక్కడికే వచ్చిన మారియస్ యెన్సెన్, పీటర్ నీల్సెన్ పట్టుబడ్డారు.

ఆ గస్తీ మొత్తంలో శత్రువు చేతిలో ప్రాణం పోగొట్టుకున్నది ఎలి క్నుడ్సెన్. పెద్ద యుద్ధాల లెక్కల్లో ఒక ప్రాణం కనిపించదు. కానీ ఎదుటివాడు ఎవరైనా అతని కోసం పొయ్యిలో పుల్లలు పేర్చి పెట్టే తీరంలో, ఒక మనిషి మరో మనిషి కోసం గుడిసెలో పొంచి ఉండి కాల్చాడు. అది ఆ వేటగాళ్లని కలచివేసింది. రిట్టర్‌ని కూడా కలచివేసిందని అతని తర్వాతి నడవడి చెబుతుంది.

ఎందుకంటే, ఆపైన జరిగింది ఎవరూ ఊహించనిది. రిట్టర్ తన ఖైదీ యెన్సెన్‌ని వెంటబెట్టుకుని ప్రయాణానికి బయలుదేరాడు. దారిలో ఇద్దరే మిగిలారు. అదను చూసి యెన్సెన్ రిట్టర్ ఆయుధాన్ని లాక్కున్నాడు. అంతవరకు కాపలా కాసినవాడు ఖైదీ అయ్యాడు. కుక్కలను దక్షిణానికి తిప్పి, వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి, స్కోర్స్‌బీసుండ్ అనే ఊళ్లో రిట్టర్‌ని అప్పగించాడు. అన్ని రోజులూ ఒకే బండి, ఒకే గుడిసె, ఒకే పొయ్యి. ఇద్దరూ నిద్రపోవాలి. ఇద్దరికీ కుక్కలు కావాలి. ఒకడు లేకుండా ఇంకొకడు బతకడం కష్టమైన చోట పగ ఎంత దూరం సాగుతుంది? యెన్సెన్ తల్చుకుంటే దారిలోనే అతన్ని కాల్చేసి ఉండవచ్చు. అడిగేవాడు లేడు. కాల్చలేదు. ప్రాణాలతో తెచ్చి అప్పగించాడు. ఈ కథలో అన్నిటికంటే గొప్ప పని ఇదే.

మే 25న ఐస్‌లాండ్ నుంచి అమెరికన్ బాంబర్లు వచ్చాయి. వాటిని నడిపించింది నార్వేలో పుట్టిన ధ్రువప్రాంత వైమానికుడు బెర్న్ట్ బాల్కెన్. హన్సా అఖాతంలోని స్థావరం మీద బాంబులు పడ్డాయి. జూన్‌లో జర్మన్లు తమవాళ్లని సముద్ర విమానంలో తీసుకెళ్లిపోయారు. ఆ బాంబర్లకి గురి చూపింది ఎవరు? మడమ గుర్తు చూసి, కుక్కలు పోగొట్టుకుని, నడిచి వచ్చి కబురు చెప్పిన ఆ ముగ్గురే.

జర్మన్లు అంతటితో వదల్లేదు. 1943లోనే ఇంకొక బృందం ఉత్తరాన షానన్ ద్వీపం దగ్గర దిగింది. 1944 ఏప్రిల్ 22న గస్తీకి చెందిన ఆరుగురు దాని మీద దాడి చేశారు. జర్మన్ సైనికాధికారి లెఫ్టినెంట్ జాకర్ చనిపోయాడు. జూన్ మొదట్లో ఆ బృందాన్నీ విమానంలో తరలించేశారు.

సరిగ్గా ఆ వారమే ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రపక్షాల దండు దిగబోతోంది. జూన్ 5న దిగాలనుకున్నారు. గాలివాన వస్తుందని వాతావరణ నిపుణులు చెప్పారు. ఒక రోజు ఆగారు. ఆరో తేదీన గాలివానకి కాస్త తెరిపి దొరుకుతుందని అట్లాంటిక్ నుంచి వచ్చిన కబుర్ల ఆధారంగా అంచనా వేశారు. ఆరున దిగారు. జర్మన్లకి పడమటి కబుర్లు అంతగా లేవు. ఇంత చెడ్డ వాతావరణంలో ఎవరు దిగుతారని అనుకున్నారు. ఆ తీరరక్షణ చూస్తున్న జర్మన్ సేనాని రోమెల్, భార్య పుట్టినరోజుకని ఇంటికి వెళ్లాడు. దూరాన ఒకచోట గాలిని కొలిచే మనిషి ఉన్నాడా లేడా అన్నదాని మీద ఎంత ఆధారపడి ఉందో దీన్నిబట్టి చూడండి. మళ్లీ గ్రీన్‌లాండ్‌కి వస్తే, 1944 అక్టోబరులో అమెరికన్ ఓడ ఈస్ట్‌విండ్ ఇంకొక జర్మన్ బృందాన్ని పట్టుకుంది. తర్వాత ఎక్స్‌టర్న్‌స్టైనె అనే జర్మన్ ఓడనే పట్టుకుంది. గ్రీన్‌లాండ్‌లో వాతావరణ యుద్ధం అక్కడితో ముగిసింది.

గస్తీ ముగియలేదు. 1950లో డెన్మార్క్ దాన్ని తిరిగి మొదలుపెట్టింది. 1953లో సిరియస్ అని పేరు పెట్టింది. రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశంగా కనిపించే నక్షత్రం పేరు అది. మృగవ్యాధుడు అని మనం పిలిచే నక్షత్రం అదే. పాశ్చాత్యులు దాన్ని కుక్క నక్షత్రం అంటారు. స్థావరం డానెబోర్గ్. ఇద్దరు మనుషులు, పదికి పైగా కుక్కలు, ఒక స్లెడ్జి. అలా జట్లు జట్లుగా బయలుదేరి నెలల తరబడి తీరం వెంట తిరుగుతారు. ఒక్కొక్కరూ రెండేళ్లు అక్కడ ఉంటారు. ఇప్పటి డెన్మార్క్ రాజు ఫ్రెడెరిక్ యువరాజుగా ఉన్నప్పుడు, 2000లో, సిరియస్ మనుషులతో కలిసి నెలల తరబడి కుక్కల బండి మీద ప్రయాణించాడు.

ఉపగ్రహాలున్న కాలంలో ఇంకా కుక్కలెందుకని మీరు అడగవచ్చు. మోటారు బండికి పెట్రోలు కావాలి. ఆ తీరంలో పెట్రోలు బంకులు లేవు. ఇంజను చెడిపోతే విడిభాగం దొరకదు. ఒక కుక్క కుంటితే మిగతా కుక్కలు బండి లాగుతాయి. ధ్రువపు ఎలుగుబంటి దగ్గరకి వస్తే మనిషి కంటే ముందు కుక్కే పసిగట్టి అరుస్తుంది. కుక్కలకి సీల్ మాంసం పెట్టి నడిపించవచ్చు. మోటారుకి పెట్టలేం.

వాతావరణ కబురూ ఆగలేదు. 1948లో అదే తీరంలో డాన్‌మార్క్స్‌హావ్న్ అనే చోట వాతావరణ కేంద్రం పెట్టారు. అక్కడి మనుషులు ఇప్పటికీ గాలిబుడగలు ఎగరేసి, పైగాలుల అంకెలు పంపుతున్నారు. ఈసారి దొంగచాటుగా కాదు, అన్ని దేశాలకీ. 2024 డిసెంబరులో డెన్మార్క్ ప్రభుత్వం గ్రీన్‌లాండ్ రక్షణకి కొత్త ఏర్పాట్లు ప్రకటించింది. కొత్త నిఘా ఓడలు, దూరం ఎగిరే డ్రోన్లు. వాటితోపాటు ఇంకో రెండు కుక్కల స్లెడ్జి జట్లు.